పాటకు కత్తెర

కత్తెర అనగానే మీకు దర్జీ గుర్తుకు వస్తాడో, మంగలి గుర్తుకు వస్తాడో నాకు తెలియదు. నాకు మాత్రం ఈ మధ్య మా మేనల్లుడు గుర్తుకు వస్తున్నాడు. నిజానికి వాడి చేతిలో కత్తెర లేదు. ఒళ్ళో పెట్టుకునే కంప్యూటరు వుంది. దాంతోనే వాడు హైదరాబాదులో పాటల దృశ్యాలు కోసి, మళ్ళీ అతికించి, నాలుగు రాళ్ళు సంపాదించుకుంటున్నాడు. ఆ ఉద్యోగం పేరు "ఎడిటరు". పత్రికలవాళ్ళకూ అదే పేరు గనుక, మొదట్లో మా అక్కయ్య "మావాడు పేపర్లో చేరాడు" అని వీధి వీధంతా చెప్పుకుంది. ఆ తరవాత దిద్దుకోలేదు కూడాను.

ఈ దసరా సెలవులకు వాడు మా ఇంటికి వచ్చాడు. పదిరోజులున్నాడు. అందులో నాలుగు రోజులు వాడికీ నాకూ మాటలు లేవు. మేనమామకూ మేనల్లుడికీ మాటలు పోవాలంటే పొలం గట్టో, పెళ్ళి సంబంధమో కారణం కావాలి. మా మధ్య వచ్చింది ఒక పాట. సరిగ్గా చెప్పాలంటే ఆ పాటలో పదకొండు సెకండ్లు.

మా అమ్మకు ఎనభై రెండో ఏడు. రెండేళ్ళుగా ఆవిడకు పేర్లు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. నన్ను అప్పుడప్పుడు మా బాబాయి పేరుతో పిలుస్తుంది. బాబాయి పోయి ఇరవై ఏళ్ళయింది. మా ఆవిడను "అమ్మాయ్" అంటుంది. పేరు జ్ఞాపకం రావడం లేదని ఒప్పుకోవడం ఇష్టంలేక అలా అంటుందని మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరమూ పైకి అనం. డాక్టరుగారు మెత్తని మనిషి. "మందులిస్తాను గాని, ఇది వెనక్కి నడిచే జబ్బు కాదండీ" అన్నాడు. తరవాత, గుమ్మందాకా వచ్చి, "పాటలు పాడేవారైతే పాడించండి. చాలామందికి అన్నీ పోయినా పాటలు చాలాకాలం నిలుస్తాయి" అన్నాడు.

నిలిచాయి. పొద్దున కాఫీ తాగిన సంగతి పది గంటలకు జ్ఞాపకముండదు గాని, "ఊర్మిళాదేవి నిద్ర" మొదలెడితే చివరిదాకా వస్తుంది. ఈ పాట మీ ఇళ్ళల్లోనూ పెద్దవాళ్ళకు వచ్చే వుంటుంది. అన్నగారితో అడవికి వెళ్ళిన లక్ష్మణుడు పధ్నాలుగేళ్ళ తరవాత తిరిగి వస్తాడు. ఆ పధ్నాలుగేళ్ళూ నిద్రలోనే వున్న ఊర్మిళ కళ్ళు తెరిచి, పక్కనున్న మగవాడు ఎవరో తెలియక, పరాయివాడనుకుని మందలిస్తుంది. వాల్మీకిలో లేని ఘట్టం. ఆడవాళ్ళ పాటలో వుంది. ఎం.ఏ.లో వీటిని "స్త్రీల పాటలు" అన్న శీర్షిక కింద చదివి, రెండు మార్కులకు జవాబు రాశాను. మా అమ్మ నోట అదే పాట ముప్ఫయ్యేళ్ళు వింటూ వుండి కూడా, దాన్నీ దీన్నీ కలుపుకోలేదు. తెలుగు లెక్చరర్లం కొందరం ఇలాగే వుంటాం.

"అమ్మమ్మ పాట నేను తీస్తా మావయ్యా" అన్నాడు మేనల్లుడు వచ్చిన రోజునే. నాకు కళ్ళు చెమర్చినంత పనయింది.

వాడు తెచ్చిన సరంజామా రెండు ఫోన్లు, ఒక మూడుకాళ్ళ స్టాండు, చొక్కా అంచుకు పెట్టే గోరంత మైకు. వెనకటి రోజుల్లో ఇదే పనికి ఒక లారీ కావలసి వచ్చేది. అమ్మను వసారాలో పీటమీద కూర్చోబెట్టాడు. ఒక ఫోను స్టాండుమీద ఎదురుగా కదలకుండా పెట్టాడు. రెండోది చేత్తో పట్టుకుని పిల్లిలా తిరిగాడు. అమ్మ మొదలెట్టింది. ఇరవై మూడు నిమిషాలు పాడింది. మధ్యలో ఒక్కచోట ఆగింది. ఆ సంగతి తరవాత చెబుతాను.

మర్నాడు మళ్ళీ పాడమన్నాడు. మొహం దగ్గరగా, చేతులు దగ్గరగా తీయాలట. అమ్మ మళ్ళీ పాడింది. అయితే శ్రుతి మారింది, నడక మారింది, మూడో చరణం అయిదోదయింది. వాడు తల పట్టుకున్నాడు. నిన్నటి గొంతుకు ఇవాళటి పెదవులు అతకవు గదా! ఇదే చిక్కు సినిమా వాళ్ళకూ వచ్చింది. 1932లో మన "భక్త ప్రహ్లాద" తీసినప్పుడు పాత్రధారులు కెమెరా ముందే పాడుకోవాలి. తరవాత్తరవాత పాట ముందుగా రికార్డుచేసి, షూటింగులో దాన్ని మైకులో వినిపిస్తూ పెదవులు కదిలించే పద్ధతి వచ్చింది. అప్పటినుంచి ఒక పాటను పది చోట్ల, పది రోజులు, ముక్కలు ముక్కలుగా తీసినా గొంతు ఒక్కటే గనుక అతుకు కనపడదు. ఈనాటి పాటల వీడియోల వైభవమంతా ఈ ఒక్క చిట్కామీద నిలబడి వుంది.

సరే, వాడు ఆ చిట్కా అమ్మమీద ప్రయోగించాడు. నిన్నటి పాట చిన్న స్పీకరులో పెట్టి, "అమ్మమ్మా, నువ్వు పాడక్కర్లేదు, ఊరికే పెదవులు కదుపు" అన్నాడు. అమ్మ కాసేపు శ్రద్ధగా వింది. తరవాత, "ఎవర్రా ఆవిడ? బాగానే పాడుతోంది గాని, మధ్యలో చరణం మింగేసింది" అంది.

మేము నవ్వాం. నవ్విన తరవాత ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మూడు రోజులు వాడు తలుపు వేసుకుని పనిచేశాడు. నాలుగోనాడు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి చూపించాడు. మొత్తం నాలుగు నిమిషాలు. అమ్మ చెయ్యి. అమ్మ కన్ను. గుమ్మానికి కట్టిన మామిడాకులు. అమ్మ ముక్కుపుడక. మళ్ళీ చెయ్యి. కింద సన్నగా మద్దెల వంటిదేదో వాడే కలిపాడు. దాని దెబ్బకొక బొమ్మ మారుతోంది. నేను ఊరుకోలేక రెండోసారి వేయించి లెక్కపెట్టాను. నూటయాభై పైచిలుకు ముక్కలు! ఒక్కొక్కటి రెండు సెకండ్లు కూడా లేదు. మా అమ్మ మొహం నిండుగా చూద్దామంటే కంటికి దొరకదు.

ఇంకొక విడ్డూరం. ఒక ముక్కలో అమ్మ కుడివైపు చూస్తూ పాడుతోంది, మరుక్షణం ఎడమవైపు చూస్తూ పాడుతోంది. అచ్చం ఇద్దరు ముసలమ్మలు ఎదురెదురుగా కూర్చుని ఒకరికొకరు పాట చెప్పుకుంటున్నట్టుంది. అడిగితే, "అది లైను దాటడం మావయ్యా" అన్నాడు. మనిషికీ, ఆ మనిషి చూసే చోటుకీ మధ్య ఒక గీత వున్నదనుకోవాలట. కెమెరా ఆ గీతకు ఒక పక్కనే వుండాలట. దాటితే చూసేవాడికి దిక్కు తప్పుతుంది. మొదటి రోజు వాడు ఎడమపక్క కూర్చున్నాడు, రెండోరోజు ఎండ కళ్ళలో పడుతోందని కుడిపక్కకు మారాడు. "పాటల వీడియోల్లో ఇది తప్పు కింద లెక్కలేదు. కావాలనే చేస్తారు" అని కూడా అన్నాడు. చేతిలో విద్య వున్నవాడికి తప్పును ఒప్పుగా చెప్పడం ఎప్పుడూ కష్టం కాదు. నేనూ పద్యాల్లో గణభంగాలను అలా సమర్థించినవాణ్ణే.

నాకు కోపం వచ్చింది వీటికి కాదు. అమ్మ ఆగినచోటు లేదు.

ఇప్పుడు చెబుతాను. ఊర్మిళ కళ్ళు తెరిచి, ఎవరు నువ్వని అడిగే చోట అమ్మకు చరణం అందలేదు. నోరు తెరిచి ఆగిపోయింది. చుట్టూ చూసింది. నావంక చూసింది, నేను ఏమీ చెప్పలేకపోయాను. తెలిస్తే గదా? చివరికి వంటింటి గుమ్మంలో నిలబడిన మా ఆవిడవంక చూసింది. మా ఆవిడ ఎన్నడూ ఆ పాట నేర్చుకోలేదు. పాతికేళ్ళుగా కూరలు తరుగుతూ విన్నదే. ఆవిడ నెమ్మదిగా చరణంలో మొదటి మాట అందించింది. అమ్మ మొహం విప్పారింది. అక్కణ్ణుంచి పాట మళ్ళీ సాగిపోయింది. మొత్తం పదకొండు సెకండ్లట. వాడి కంప్యూటరే చెప్పింది.

"అదెక్కడరా?" అన్నాను.

"తీసేశాను మావయ్యా. అక్కడ అమ్మమ్మ మర్చిపోయింది గదా, బాగుండదు."

"బాగుండకపోవడమేమిటి? ఆ చరణమే లేదే! ఊర్మిళ మొగుణ్ణి గుర్తుపట్టని పాటలో, గుర్తుపట్టని చోటే తీసేస్తే మిగిలిందేమిటి, ముక్కుపుడకా?"

వాడికీ పౌరుషం వచ్చింది. "ఇరవై మూడు నిమిషాలు ఎవరు చూస్తారు? ఇది ఎలా వుందో అలా బీరువాలో పెడితే చెదలు వింటాయి. నేను కోస్తే కనీసం వెయ్యిమంది నాలుగు నిమిషాలైనా వింటారు. నీ క్లాసులో మాత్రం భారతమంతా చెబుతున్నావా? నువ్వూ పాఠ్యభాగమనే కోస్తున్నావుగా?"

నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు పెద్దవాళ్ళు చేసే పనే చేశాను. లేచి వెళ్ళిపోయాను.

మా మధ్య సంధి కుదిర్చింది మా ఆవిడే. "మీరు వాడి విద్యేమిటో చూడకుండా తిడుతున్నారు. వాడు మీ పాఠం వినకుండా తిడితే ఊరుకుంటారా?" అంది. సరేనని ఆ రాత్రీ, మరునాటి రాత్రీ వాడి పక్కన కూర్చుని, లోకంలో పేరుపడ్డ పాటల వీడియోలు చూశాను. వాటి భాష నాకు సగమైనా అర్థం కాదు. అదే మేలయింది. మాట అర్థం కాకపోతే కన్ను బాగా పనిచేస్తుంది.

1981 ఆగస్టు 1న అమెరికాలో ఎం.టీ.వీ. అని, పొద్దస్తమానం పాటలే చూపించే టెలివిజను మొదలయిందట. అందులో మొట్టమొదట వేసిన పాట, వీడియో వచ్చి రేడియో గాయకుణ్ణి చంపేసిందని చెప్పేది. మంచి ముహూర్తమే పెట్టుకున్నారు! అంతకు ముందే, 1975లో, ఇంగ్లండులో క్వీన్ అనే బృందం "బొహీమియన్ రాప్సొడీ" అన్న పాటను నాలుగు గంటల్లో చిత్రించిందట. నలుగురి మొహాలు తామరపువ్వు రేకుల్లాగ పదింతలై తిరుగుతాయి. కంప్యూటరు మాయ కాబోలుననుకున్నాను. కాదట. లెన్సు ముందు పలకలు పలకలుగా కోసిన గాజుముక్క పెట్టారట. తిరనాళ్ళలో చిన్నప్పుడు మనం కొనుక్కున్న రంగుగాజుల గొట్టమే!

నార్వే వాళ్ళ పాట ఒకటి వుంది, "టేక్ ఆన్ మీ" అని. 1985 నాటిది. కాగితంమీద పెన్సిలుతో గీసిన బొమ్మ చెయ్యి చాచి, హోటల్లో కూర్చున్న పిల్లను కాగితంలోకి లాక్కుంటుంది. ముందు మనుషులతో తీసి, తరవాత సుమారు మూడువేల బొమ్మలు ఒక్కొక్కటే చేత్తో గీశారట. పదహారు వారాలు పట్టిందట. ఇది విన్నాక ఆ కుర్రకారు పాటలమీద నాకు కొంచెం గౌరవం కలిగింది. తాళపత్రాలు రాసినవాళ్ళ ఓపిక ఎక్కడికీ పోలేదు, చిరునామా మార్చుకుంది.

ఇక "ది సైంటిస్ట్" అన్న 2002 నాటి పాటలో కథ తుదినుంచి మొదటికి నడుస్తుంది. చెదిరినవి చేరుకుంటాయి, మనిషి వెనక్కి నడుస్తాడు. పెదవులు మాత్రం పాటకు సరిగ్గా కదులుతుంటాయి! ఎలా? ఆ గాయకుడు పాటను తలకిందులుగా, చివరి ధ్వనినుంచి మొదటి ధ్వనిదాకా పాడటం నేర్చుకుని, అలా పాడుతూ షూటింగు చేశాడట. ఆ ఫిల్మును వెనక్కి తిప్పితే పాట ముందుకు వచ్చింది. నెలరోజులు పట్టిందట నేర్చుకోవడానికి. మన అవధానులు వినవలసిన సంగతి సుమండీ!

ఇలాంటిదే మరొక కిటుకు వాడు చెప్పాడు. పాటలో నాయిక జుట్టు, పమిట తేలిపోతున్నట్టు నెమ్మదిగా కదులుతాయి. పెదవులు మాత్రం పాటతో సరిగ్గా కలుస్తాయి. మీరూ చూసే వుంటారు. మామూలుగా సినిమా కెమెరా సెకండుకు 24 బొమ్మలు తీస్తుంది. దాన్ని 48 బొమ్మలు తీసేటట్టు పెట్టి, షూటింగులో పాటను రెట్టింపు వేగంతో వేస్తారు. పాపం ఆ నాయిక ఎలుక కూతలాంటి ఆ పాటకు గబగబా పెదవులు కదపాలి. తరవాత దాన్ని 24 లెక్కన చూపిస్తే కదలిక సగానికి సగం నెమ్మదిస్తుంది, పెదవులు అసలు పాట నడకకు దిగుతాయి. మనకు కనిపించే ఆ తీరుబడి వెనక అంత కంగారు వుందన్నమాట.

"ఇవన్నీ మాయలేరా. కోయకుండా తీసింది ఏదైనా వుందా?" అన్నాను.

వుంది. "హియర్ ఇట్ గోస్ అగైన్" అని 2006లో నలుగురు కుర్రాళ్ళు తీసింది. వ్యాయామశాలల్లో నడిచే బల్లలుంటాయి చూడండి, అవి ఎనిమిది పెట్టి, వాటిమీద ఒకదాన్నుంచి ఒకదానికి జారుతూ, దూకుతూ నాట్యం చేస్తారు. కెమెరా ఎదురుగా కదలకుండా వుంటుంది. మొదటినుంచి చివరిదాకా ఒకటే బొమ్మ, అతుకన్నది లేదు. పదిహేడోసారికి గాని కుదరలేదట. నేను ఊపిరి బిగబట్టి చూశాను. ఎందుకంటే, ఏ క్షణాన ఎవడు పడతాడో తెలియదు. అదే పాటను నూరు ముక్కలు చేసి వుంటే ఆ భయం వుండేది కాదు. పడితే ఆ ముక్క తీసేస్తారని మన కంటికి తెలుసు.

ఆ మాట పైకి అనేశాను. వాడు ఏమీ అనలేదు గాని, కలం తీసి చేతిమీద ఏదో రాసుకున్నాడు.

అన్నట్టు, "నాటు నాటు" పాట కూడా మరొకసారి చూశాం. 2021 ఆగస్టులో, యుద్ధం రాకముందు, ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో అధ్యక్షభవనం ముందు తీసిన పాట. 2023లో ఆస్కారు వచ్చిందని మనమంతా మిఠాయిలు పంచుకున్నాం. అందులో ముక్కలకేమీ కొదవలేదు. కాని ఇద్దరూ భుజాలమీద చేతులు వేసుకుని ఆ అడుగు వేసేటప్పుడు చూడండి. కెమెరా వెనక్కి తగ్గి, తలనుంచి పాదందాకా ఇద్దర్నీ నిండుగా చూపిస్తుంది. నాలుగు కాళ్ళూ ఒక్కసారే కదులుతున్నాయని మన కంటికి సాక్ష్యం కావాలి గదా. అక్కడ మొహం దగ్గరగా చూపించి వుంటే, ఇద్దరూ విడివిడిగా చేశారేమో, ఎవరికి తెలుసనిపించేది.

చివరిగా వాడు చూపించింది "నథింగ్ కంపేర్స్ టు యూ". 1990 నాటిది. పాడినావిడ షినేడ్ ఓకానర్, ఐర్లండు దేశస్థురాలు, 2023లో పోయింది. నున్నగా గీసిన తల, నల్లని వెనకతెర, తెర నిండా మొహం. మధ్యమధ్య పార్కులో నడుస్తున్నట్టు కొన్ని బొమ్మలున్నాయి గాని, అవి నాకు జ్ఞాపకం లేవు. మొహమే జ్ఞాపకముంది. పాట ముగింపుకు వచ్చేసరికి కళ్ళలో నీళ్ళు వచ్చాయి. అనుకుని చేసింది కాదట. పాటలో తల్లి మాట వచ్చే చోట, అయిదేళ్ళ కిందట పోయిన తన తల్లి గుర్తుకు వచ్చిందట. దర్శకుడు దాన్ని తీసేయలేదు. ఆ కన్నీళ్ళు రాలేదాకా కత్తెర పక్కన పెట్టాడు.

మేమిద్దరం కాసేపు మాట్లాడలేదు. తరవాత, "మావయ్యా, పదకొండు సెకండ్లు ఫైలు వుంది, చెరిపెయ్యలేదు" అన్నాడు వాడు.

నేను పడుకున్నాను గాని నిద్రపట్టలేదు. ముక్కలు ఎక్కడ కోయాలన్నదే మనసులో తిరిగింది. తాళం దెబ్బమీద కోయడం సులువు, కాని అన్ని కోతలూ దెబ్బమీదే పడితే పాట రోకటిపోటులా వుంటుందనీ, అంచేత ఆరితేరినవాళ్ళు దెబ్బకు ఒకటి రెండు బొమ్మలు ముందే కోస్తారనీ వాడు చెప్పాడు. సంగీతంలో దీన్ని మనవాళ్ళు ఎప్పుడో గ్రహించారు. తాళంతో కలిసి ఎత్తుకుంటే సమం, ముందే ఎత్తుకుంటే అతీతం, పడ్డాక ఎత్తుకుంటే అనాగతం. ఆలోచిస్తే మన యతి కూడా ఇలాంటిదే. సంస్కృతంలో యతి అంటే విరామం, అక్కడ మాట తెగాలి. తెలుగులో అలా కాదు. ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర, చంపకమాలలో పదకొండో అక్షరం దగ్గర ధ్వనికి మైత్రి కుదరాలి. అంతే. మాట మాత్రం తెగకుండా దాన్ని దాటుకుంటూ పోవచ్చు. చెవికి చుట్టరికం తెలుస్తుంది, పద్యం ఆగదు. యతిస్థానంలో అల్లా మాట విరిగే పద్యం చదవండి, మెట్లు దిగుతున్నట్టుంటుంది.

పొద్దున్నే ఇది వాడికి చెప్పాను. ఇరవై రెండేళ్ళుగా క్లాసులో చెబుతున్న పాఠమే, ఇంత శ్రద్ధగా ఎవరూ వినలేదు. "అంటే బొమ్మ మారినా పాట తెగకూడదు, పాట మారినా బొమ్మ తెగక్కర్లేదు. మేము చేసేదీ అదే మావయ్యా. ముందు గొంతు వదులుతాం, బొమ్మ తరవాత వస్తుంది" అన్నాడు. ఇందాకటి మనిషి ఇంకా తెరమీద వుండగానే తరవాతి దృశ్యంలోని ధ్వని వినిపించడమన్నమాట. నేను చెప్పిందీ వాడు చెప్పిందీ సరిగ్గా ఒకటేనని ఒట్టు వేయలేను. కాని ఆ పూట ఇద్దరం కలిసి కాఫీ తాగాం.

వాడు మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి నన్ను పక్కన కూర్చోనిచ్చాడు. కదలని ఫోను తీసిన బొమ్మనే ఆధారంగా పెట్టుకున్నాడు. ఇరవై మూడు నిమిషాల్లో నేను లెక్కపెట్టినవి పంతొమ్మిది కోతలు. మూడుచోట్ల లారీ హారన్లూ, పక్కింటి కుక్కా అడ్డం వచ్చాయి, అవి తీసేయాలి. తీసేస్తే అమ్మ తల టక్కున పక్కకు గెంతినట్టు కనిపిస్తుంది. ఆ గెంతు కనపడకుండా అక్కడ చేతుల బొమ్మ అడ్డం వేశాడు. అమ్మ కుడిచెయ్యి మోకాలిమీద తాళం వేస్తూ వుంటుంది. పాట ఆగదు, చెయ్యి ఆగదు, చెయ్యి తరవాత మళ్ళీ మొహం. "దేనికైనా కప్పడానికి వుంటుందని చేతులు ఎప్పుడూ తీసి పెట్టుకోవాలి మావయ్యా" అని వృత్తిరహస్యం చెప్పాడు. గీత దాటిన బొమ్మలన్నీ పక్కన పారేశాడు. మద్దెల తీసేశాడు.

పదకొండు సెకండ్ల దగ్గర మాత్రం మళ్ళీ చిన్న పేచీ వచ్చింది. అమ్మ ఆగగానే మా ఆవిడ వున్న వంటింటి గుమ్మం చూపించాలని నేనన్నాను. కోడలు మాట అందిస్తోందని చూసేవాళ్ళకు తెలియాలి గదా అని నా వాదన. వద్దన్నాడు వాడు. "అమ్మమ్మ మొహంమీదే వుంచుదాం. ఎవరికోసం వెతుకుతోందో తెలియకపోతేనే మనమూ వెతుకుతాం. అత్త గొంతు వినపడుతుంది, చాలు." వాడే నెగ్గాడు. నాకు ఇప్పటికీ గుమ్మం చూపిస్తే బాగుండేదనిపిస్తుంది. మా ఆవిడ మాత్రం, "ఆ రోజు నేను కట్టుకున్న చీరకు వాడే మేలు చేశాడు" అంది.

విజయదశమినాడు సాయంత్రం అమ్మకు చూపించాం. ముందు చిన్నది, నాలుగు నిమిషాలది. నా గుండె ఝల్లుమంది. అమ్మకు అది ఎంతో నచ్చింది! ముక్కుపుడక కనపడగానే చేత్తో తన ముక్కు తడుముకుంది. మద్దెలకు తొడమీద తాళం వేసింది. "మళ్ళీ వెయ్యరా" అంది. మూడుసార్లు వేశాడు. మేనల్లుడు నావంక చూడకుండా వుండటానికి చాలా అవస్థపడ్డాడు.

తరవాత పెద్దది వేశాం. అయిదో నిమిషానికి అమ్మకు కునుకు పట్టింది. మెడ పక్కకు వాలింది. ఇరవై మూడు నిమిషాలు ఎవరు చూస్తారన్న మాట నాకు చెవిలో వినపడింది. నేనే ఆపేద్దామనుకున్నాను. మా ఆవిడ వద్దన్నట్టు చెయ్యి ఊపింది. పాట సాగుతోంది. ఊర్మిళ కళ్ళు తెరిచే చోటు వచ్చింది. తెరమీద అమ్మ నోరు తెరిచి ఆగింది. గదిలో చప్పుడు లేదు. తెరమీద అమ్మ కళ్ళు అటూ ఇటూ వెతుకుతున్నాయి. నేను లోపల ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతున్నాను.

ఆరు అనుకునేసరికి, కళ్ళు తెరవకుండానే, పక్కకు వాలిన మెడ ఎత్తకుండానే, అమ్మ ఆ మాట అందించింది. మాటతో ఆగక చరణమంతా పాడింది. తెరమీద మా ఆవిడ గొంతు అప్పుడు వచ్చింది, ఆలస్యంగా. తెరమీది అమ్మ ఎత్తుకునేసరికి కుర్చీలోని అమ్మ తరవాతి చరణంలో వుంది. అది ఆ వేళ రికార్డులో పాడనిది. స్పీకరులోని ఆవిడ మింగేసిందని చెప్పింది దీన్నే కాబోలు. మేమెవ్వరం అంతకు ముందు విననిది.

మేనల్లుడు ఫోనుకోసం జేబులు తడుముకున్నాడు. అది పక్కగదిలో చార్జింగుకు పెట్టి వుంది. వాడు పరుగెత్తి తెచ్చేసరికి అమ్మ మళ్ళీ నిద్రలోకి జారుకుంది.

మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, పాల లెక్క రాసే పుస్తకం వెనకవైపు పేజీలో, జ్ఞాపకమున్నంతమేరకు ఆ చరణం రాసుకుంది. రెండు పాదాలు పూర్తిగా, మూడోదాంట్లో సగం. ఆ సగాన్ని పూర్తి చేయిద్దామని మర్నాటినుంచి రోజూ సాయంత్రం అమ్మ పక్కన కూర్చుంటున్నది. ఇంకా రాలేదు. మేనల్లుడు వెళ్ళేటప్పుడు స్టాండూ, గోరంత మైకూ మా ఇంట్లోనే వదిలి వెళ్ళాడు. ఏ గీతకు ఏ పక్కన కూర్చోవాలో వసారా గచ్చుమీద సుద్దముక్కతో గీసి మరీ వెళ్ళాడు.